నూటికి నూరు తేమ

మా సుద్దలదొడ్డి మండలంలో చివరి వాన పడి పద్నాలుగు నెలలయింది. అయినా మా మండలంలో కరువు లేదు. ఈ రెండు వాక్యాలూ నావి కావు. ప్రభుత్వ కాగితంలో ఒకదాని కింద ఒకటి అచ్చయి ఉన్నాయి. వాటి కింద ముగ్గురు అధికారులు సంతకాలు కూడా చేశారు.

కారణం కూడా రాశారు పాపం. ఏదైనా మండలాన్ని కరువు మండలమని ప్రకటించాలంటే ఏడాదిలో మబ్బు పట్టిన రోజులు నలభైకి మించకూడదట. మాకు రెండువందల పన్నెండు వచ్చాయి. మబ్బు లేని మండలంలో అన్ని మబ్బులు ఎక్కడివని మీరు అడుగుతారు. మేమూ అదే అడిగాం.

సంగతేమిటంటే, మా నెత్తిమీదుగా రోజుకు ఎనిమిది విమానాలు పోతాయి. ఏదీ మా దగ్గర దిగదు, దిగాల్సిన పనీ లేదు. పోతూ పోతూ ఆకాశం మీద సుద్దముక్కతో గీసినట్టు ఒక్కో తెల్లగీత గీసి పోతాయి. ఆకాశంలో తెల్లగా కనిపించిందల్లా మబ్బుగా లెక్కవేయమని రాజధానిలోని కంప్యూటరుకు ఎవరో చెప్పారు. కంప్యూటరు పెద్దల మాట జవదాటదు కదా, లెక్కవేసింది.

కరువు లేదంటే నీళ్ల ట్యాంకరు లేదు, పశువులకు గడ్డి లేదు. ఊళ్లోని పదకొండు బోర్లలో పదకొండూ ఎండిపోయాయి. మూడు కిలోమీటర్ల అవతల పక్క ఊరి రైతు బావిలో ఉన్న కాసిని నీళ్లే మా ఊరివాళ్లకు దిక్కు. ఆయన దయగలవాడే కానీ, ఆయన బావికి అంత దయ లేదు. ఇంటికి రెండు బిందెలకు మించి ఇచ్చేది కాదు.

నా పేరు రుద్రమూర్తి. ఈ మండలానికి వాతావరణ పరిశీలకుణ్ణి. మండలాఫీసు వెనక నాలుగు కాళ్ల మీద నిలబడిన తెల్ల చెక్కపెట్టె ఒకటుంది. దాని గోడలకు గాలి ఆడే సందులుంటాయి. ఊరివాళ్లు దాన్ని పావురాల గూడు అంటారు. అందులో రెండు థర్మామీటర్లున్నాయి. ఒకటి పొడిది, ఒకటి తడిది. తడిదాని బుడ్డికి చిన్న మల్లుగుడ్డ చుట్టి, దాని ఒత్తిని కింద నీళ్ల గిన్నెలో వేలాడదీస్తాం. గాలి పొడిగా ఉంటే గుడ్డలో తడి ఆరుతూ బుడ్డిని చల్లబరుస్తుంది. పొడిది నలభై ఒకటి చూపిస్తుంటే తడిది ఇరవై రెండు దగ్గర ఆగుతుంది. ఆ రెంటి తేడా పట్టుకుని పట్టికలో చూస్తే గాలిలో తేమ ఎంతో తెలుస్తుంది. మా ఊళ్లో పదిహేడు శాతం. ఇరవై రెండేళ్లుగా పొద్దున ఎనిమిదిన్నరకూ, సాయంత్రం అయిదున్నరకూ నేను ఆ పెట్టె తలుపు తెరుస్తున్నాను.

ఆ గిన్నెలో రోజూ గ్లాసెడు నీళ్లు పోసేది సుంకమ్మ. మండలాఫీసు ఊడ్చే మనిషి. ఆఫీసు కుళాయి ఎప్పుడో అటకెక్కింది కనుక, తన రెండు బిందెల్లోంచే ఆ గ్లాసు తెచ్చేది. ఆమెకు మొగుడు లేడు. ఒక ఆవు, దాని దూడ ఉన్నాయి. ఆ ఆవు పాలతోనే ఆమెకు నెల మొత్తం గడిచేది.

"కరువని రాయకుంటే ఆదివారం సంతకు తోలేస్తా సారూ," అని ఆమె చెప్పింది. "నీళ్లు లేక నా కండ్ల ముందర సచ్చేదానికన్నా, యాడనో ఒగచోట బతకనీ."

సంతలో ఆ ఎండాకాలం ఆవుల్ని కొంటున్నది ఎవరో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు.

ఊరంతా కలిసి అర్జీ పెట్టారు. అవి మబ్బులు కావు మహాప్రభో, విమానాల పొగ అన్నారు. ప్రభుత్వం వెంటనే కదిలింది. ట్యాంకరు పంపలేదు, సంఘాన్ని పంపింది. దాని పేరు విమానరేఖా మేఘ నిర్ధారణ సంఘం. అధ్యక్షులు జాయింట్ డైరెక్టర్ చెంగల్వరాయులు గారు. సభ్యులు ఇద్దరు ప్రొఫెసర్లు. వాళ్లతో పాటు ఒక వ్యాను నిండా నీళ్ల సీసాలు కూడా వచ్చాయి, సంఘం తాగడానికి.

మండలాఫీసు ముందు షామియానా వేశారు. సరిగ్గా పదకొండింటికి ఒక విమానం వచ్చి గీత గీసింది. సంఘం తల పైకెత్తింది.

"ఇది మేఘమే," అన్నారు మొదటి ప్రొఫెసరు. "ఇంజన్లోంచి వచ్చే ఆవిరి ఆ ఎత్తులో చలికి మంచు తునకలవుతుంది. మంచు తునకల గుంపును మేఘమనక మరేమంటారు?"

"ఇది ఇంజను విసర్జితం," అన్నారు రెండో ప్రొఫెసరు. "బస్సు వెనకాల వచ్చేదాన్ని మనం మేఘమంటున్నామా?"

"బస్సు ముప్పైఅయిదు వేల అడుగుల ఎత్తున పోవడం లేదు."

"పోతే?"

ఈ ప్రశ్న మీద గంటన్నర చర్చ జరిగింది. మధ్యలో మజ్జిగ వచ్చింది. ఊరివాళ్లు ఆ మజ్జిగ గ్లాసుల్నే చూస్తూ కూర్చున్నారు. చివరికి మొదటి ప్రొఫెసరే ఒక మంచి మాట చెప్పారు. పైన గాలిలో తేమ ఉంటే గీత నిలబడి, వెడల్పయి, మబ్బుగా పరుచుకుంటుందట. పొడిగా ఉంటే రెండు నిమిషాల్లో మాయమైపోతుందట. అంటే, తేమే తేలుస్తుందన్నమాట. రెండో ప్రొఫెసరు కూడా తల ఊపారు. ఇరవై రెండేళ్లలో నా శాఖవాళ్ల నోట అంత సబబైన మాట నేను వినలేదు.

చెంగల్వరాయులు గారు దాన్ని అలా వదిలేస్తే అధికారి ఎందుకవుతారు?

"సభ్యుల అభిప్రాయాలను సమగ్రంగా పరిగణనలోకి తీసుకున్న మీదట," అని ఆయన లేచారు, "ఇందుమూలంగా నిర్ణయించడమైనది ఏమనగా, రాబోవు ముప్పై దినములలో మండల వాతావరణ కేంద్రమునందు నమోదగు తేమ డెబ్బై శాతమునకు పైబడిన దినమున ఏర్పడు రేఖ మేఘముగాను, తక్కువైన దినమున ఏర్పడునది పొగగాను భావించబడును."

వేరుశనగ రైతు మారెప్ప లేచి నిలబడ్డాడు. "సారూ, ఇమానం పొయ్యేది ఆడ పైన. సారు పావురాల గూడు ఈడ కింద. ఈడ చూసి ఆడిది ఎట్ల చెప్తారు?"

చెంగల్వరాయులు గారు అతన్ని జాలిగా చూశారు. "ఆకాశం కూడా మండల సరిహద్దుల్లోనే ఉన్నది కదా," అన్నారు.

మారెప్ప కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే మాకు ఆ తిక్క నిర్ణయం తెగ నచ్చింది. మా తేమ పదిహేడు. డెబ్బైకీ దానికీ ఎక్కడా పొంతన లేదు. ముప్పై రోజులు పదిహేడు పదిహేడు అని రాసి పంపితే గీతలన్నీ పొగయిపోతాయి, ట్యాంకరు వస్తుంది. సుంకమ్మ ఆవును సంతకు తోలడం నెల రోజులు వాయిదా వేసుకుంది. "నీ చేతిలో పెట్నా సారూ," అంది. నాకు గర్వంగా అనిపించింది. ఉద్యోగంలో చేరాక నా చేతిలో ఎవరూ ఏమీ పెట్టలేదు.

మర్నాడు పొద్దున నాకు ఉత్తర్వు వచ్చింది. సదరు ముప్పై దినముల పరిశీలన మిక్కిలి ప్రాముఖ్యత గలది కావున, పరిశీలకుడు తేమను సరిగా కొలుచుటలో ముప్పై దినముల శిక్షణ నిమిత్తం తక్షణమే రాజధానికి బయలుదేరవలెను అని.

నేను ఫోన్ చేసి, ఆ ముప్పై రోజులూ ఇక్కడ కొలిచేది నేనే కదండీ అన్నాను. శిక్షణ లేకుండా ఎలా కొలుస్తారు అన్నారు. నేను పోయాను. ఏసీ హాల్లో కూర్చోబెట్టి తడి థర్మామీటరు బొమ్మను తెర మీద వేసి, బాణం గుర్తుతో చూపించారు. నా స్థానంలో రెవెన్యూ గుమస్తా ఓబులేసును ఇన్‌ఛార్జిగా వేశారు. చాలా నిజాయితీపరుడు. కళ్లతో చూసిందే రాస్తాడు. మా నిబంధనల పుస్తకం మొదటి పేజీలోనే ఉంది, పరిశీలకుడు చూసినది రాయవలెను, తలచినది రాయరాదు అని. ఓబులేసు ఆ మొదటి పేజీ చదివాడు. ఒత్తి సంగతి నాలుగో పేజీలో ఉంది.

నెల తర్వాత తిరిగి వచ్చి రిజిస్టరు తెరిచాను. పొడి నలభై ఒకటి, తడి నలభై ఒకటి, తేమ నూరు. పొడి నలభై రెండు, తడి నలభై రెండు, తేమ నూరు. ఇరవై ఏడు రోజులు అదే వరస. అందమైన దస్తూరీ, ఒక్క కొట్టివేత లేదు.

పరుగెత్తుకెళ్లి పెట్టె తలుపు తీశాను. గిన్నె ఎండిపోయి ఉంది. ఒత్తి చేత్తో పట్టుకుంటే పుల్లలా విరిగేట్టుంది. ఒత్తి తడిగా లేకపోతే తడి థర్మామీటరు కూడా పొడిదే. రెండూ ఒకటే చూపిస్తాయి. తేడా సున్నా అయితే తేమ నూరని పట్టిక చెబుతుంది. అంటే ఒత్తి తడపడానికి గ్లాసెడు నీళ్లు కూడా దొరకనంత ఎండిపోయిన ఊళ్లో, గాలి నిండా నీళ్లున్నాయని నెల రోజులు పైకి రిపోర్టులు వెళ్లాయి.

"సుంకమ్మా!" అని అరిచాను. చాలా కోపంగానే అరిచాను.

ఆమె చీపురు పట్టుకునే వచ్చింది. "మూడు దినాలు పోస్తి సారూ. నాలుగో దినం గ్లాసు పట్టకోని వస్తాంటే దూడ యెంటబడె. నాలిక బయటేసుకోని గ్లాసు దిక్కే చూస్తాండాది. దానికి తాపిస్తి. ఓబులేసు సారును అడిగితి, గూటికి నీళ్లు పొయ్యల్లా అని. నాకట్ల ఆర్డర్ ల్యాదన్యాడు. సారుకు ల్యాని బాధ గూటికేముంటాదిలే అనుకుంటి." చీపురు కింద పెట్టి అడిగింది. "ఏమన్నా తప్పాయనా?"

ఇన్నాళ్లూ ఆమె బిందెలోంచి గ్లాసెడు నీళ్లు తీసుకున్నానే గానీ, నీకెలా సరిపోతున్నాయని ఒక్కసారి అడగలేదు. సిగ్గేసింది. తప్పేమీ కాలేదని చెప్పి, బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్లాను.

చెంగల్వరాయులు గారు నేను చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నారు.

"అంటే, ఇరవై ఏడు దినముల అధికారిక తేమను ఒక్క మాటతో కొట్టేయమంటారా?"

"ఒత్తి ఎండిపోయింది సార్."

"ఒత్తి ఎండినట్టు రిజిస్టరులో నమోదైనదా?"

"దానికి గడి లేదు సార్."

"గడి లేని విషయం జరగలేదు," అన్నారాయన, ఎంతో మృదువుగా. "అయినను ఒత్తి తడిపి మరల కొలవవచ్చును. అందుకు నీరు శాఖాపరంగా సమకూర్చవలె. కరువు మండలములకే నీరు సమకూర్చబడును. మీది కరువు మండలము కాదు, తేమ నూరు శాతమున్నది." అని కాఫీ తెప్పించారు. ఆయన మంచివాడే. కాఫీ కూడా బాగుంది.

ఆ తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. తేమ డెబ్బై దాటింది కనుక గీతలన్నీ మేఘాలే. రోజుకు ఎనిమిది చొప్పున ఇరవై ఏడు రోజులకు రెండువందల పదహారు మేఘాలు. ఒక్క నెలలో అన్ని మేఘాలు పట్టిన మండలం రాష్ట్రంలో మరొకటి లేదట. సుద్దలదొడ్డిని మేఘసమృద్ధ మండలమని ప్రకటించి, చెంగల్వరాయులు గారే స్వయంగా వచ్చి ఫలకం మీది తెర తొలగించారు. గోడలు పెచ్చులూడేంత ఎండలో ఒక బంట్రోతు ఆయనకు గొడుగు పట్టాడు. వాన పడే సూచన ఉందని ప్రసంగంలో చెప్పారు కనుక, గొడుగు ఎండకు పట్టిందని ఎవరూ అనడానికి లేదు. ఇంటికొక గొడుగు పంచారు. దోమల మందు చల్లారు. మా ఊళ్లో దోమలు వలసపోయి ఏడాదయిందని చెప్పినా చల్లారు.

సుంకమ్మ ఫలకం దిక్కు చూడలేదు. గొడుగు మాత్రం తీసుకుంది. ఆ శనివారం ఆవుకు కొత్త పలుపు పేనుతూ కూర్చుంది. నేను పక్కనే నిలబడ్డాను.

"నువ్వేం జేస్తావులే సారూ," అంది. "ఆ దూడనన్నా ఎవరన్నా సాక్కుంటారేమో అడుగు."

ఆదివారం పొద్దున ఆమె ఆవును తోలుకుని ఊరి పొలిమేర దాకా వచ్చింది. ఎదురుగా దుమ్ము లేపుకుంటూ మూడు లారీలు వచ్చాయి. ముందరి దాంట్లో రెండు రబ్బరు పడవలు, నలభై లైఫ్ జాకెట్లు. రెండో దాంట్లో ఎండుగడ్డి. మూడోది నీళ్ల ట్యాంకరు.

లారీలోంచి దిగిన వరద విభాగం ఉద్యోగి కాగితం చదివాడు. ఇరవై అయిదు రోజులకు పైగా నూరు శాతం తేమ నమోదైన మండలం తనంతట తానే వరద ముప్పు జాబితాలోకి చేరుతుందట. వరదలో బావులు కలుషితమవుతాయి కనుక రోజుకు రెండు ట్యాంకర్ల మంచినీరు. గడ్డివాములు తడిసిపోతాయి కనుక పశువులకు ఎండుగడ్డి. తేమ డెబ్బైకి తగ్గేవరకూ ఇవన్నీ కొనసాగుతాయి.

"వరద యాడప్పా?" అన్నాడు మారెప్ప, పగుళ్లిచ్చిన నేల మీద నిలబడి.

"వస్తుంది. మీరు పడవలెక్కడం నేర్చుకోండి," అన్నాడతను.

ఒక పడవలో గాలి నింపి చూపించాడు. అతను ఇంకా తెడ్డు వేయడం నేర్పుతుండగానే మారెప్ప ట్యాంకరు గొట్టం తెచ్చి పడవలో పెట్టాడు. నిండిన పడవ చుట్టూ ఊళ్లోని పశువులన్నీ చేరాయి. సుంకమ్మ ఆవు అందరికంటే ముందు మూతి పెట్టింది. దూడ ముందుకాళ్లతో సహా పడవలోకి ఎక్కేసింది. సుంకమ్మ పలుపు వదిలేసి అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

మర్నాడు ఎనిమిదిన్నరకు గ్లాసెడు నీళ్లతో పెట్టె దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు నీళ్లున్నాయి. నా ధర్మం ఒత్తి తడపడం. తడిపితే పదిహేడు వస్తుంది. పదిహేడు రాస్తే వరద తీసేస్తుంది, ట్యాంకరు ఆగిపోతుంది. కాసేపు అలాగే నిలబడ్డాను. తర్వాత ఆ నీళ్లు నేనే తాగేసి, ఒత్తిని ముట్టుకుని చూశాను. బాగా ఎండి ఉంది. నూరు అని రాశాను. చూసినదే రాశాను, తలచినది రాయలేదు.

ఆ రోజునుంచి సుంకమ్మ పావురాల గూటికి కాపలా. అందరూ చల్లుకునే నీళ్లున్నా, ఆఫీసు వెనక కళ్లాపి చల్లదు. పిల్లలు అటువైపు తడి చేతులతో వెళితే కేకలేస్తుంది. గూటి మీద సర్కారు గొడుగు కట్టింది, పొరపాటున వాన పడుతుందేమోనని.

ఇలా రెండు నెలలు గడిచాయి. ఒకనాడు షాహిదా అనే అమ్మాయి మోటారుసైకిలు మీద వచ్చింది. పరికరాల తనిఖీ ఉద్యోగి, కొత్తగా చేరింది. మా శాఖలో పని తెలిసినవాళ్లు వస్తారని నేను ఎప్పుడూ ఊహించలేదు, అందుకే ముందు జాగ్రత్తేమీ తీసుకోలేదు. ఆమె తిన్నగా వెళ్లి గూటి తలుపు తీసింది. ఒత్తిని రెండు వేళ్లతో పట్టుకుంది.

"రుద్రమూర్తి గారూ, ఇది ఎండిపోయింది."

నేను రిజిస్టరు ఆమె చేతికిచ్చాను.

"రెండూ ఒకటే చూపిస్తున్నాయి. మీరు నూరు రాస్తున్నారు. ఇదంతా..." ఆమె తల పైకెత్తింది. అప్పుడే ఒక విమానం పోతోంది. దాని వెనక గీత సగం కూడా సాగకముందే తోక వైపు నుంచి చెరిగిపోతోంది. "పైన కూడా పొడిగాలే. మబ్బూ లేదు, ఏమీ లేదు." ఆమె ముఖంలో తప్పు పట్టుకున్న సంతోషం కనిపించింది. సంచిలోంచి నీళ్ల సీసా తీసి మూత తిప్పింది.

సుంకమ్మ చీపురు పారేసి వచ్చి సీసాను రెండు చేతులతో పట్టుకుంది.

"తల్లీ, ఆ నీళ్లు దానికి పోస్తే మా ఊరు ఎండిపోతాది."

షాహిదా ఆమెను చూసింది, నన్ను చూసింది. నేను ఫలకం నుంచి పడవ దాకా జరిగిందంతా చెప్పాను. మండలాఫీసు పక్కన రబ్బరు పడవలో ఆవులు నీళ్లు తాగుతున్నాయి. ఒక ముసలాయన లైఫ్ జాకెట్ తల కింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఆమె అవన్నీ చాలాసేపు చూసింది.

"అబద్ధం రాయలేను," అంది చివరికి. తనిఖీ ఫారం తీసి గళ్లు చదవడం మొదలుపెట్టింది. పెట్టెకు తెల్లరంగు ఉన్నదా. ఉన్నది. తలుపు ఉత్తరం వైపు ఉన్నదా. ఉన్నది. థర్మామీటర్లు పగలకుండా ఉన్నవా. ఉన్నవి. ఒత్తి ఉన్నదా.

అక్కడ ఆమె పెన్ను ఆగింది. కాగితం వెనక్కి తిప్పింది, మళ్లీ ముందుకు తిప్పింది. "తడిగా ఉన్నదా అని ఎక్కడా అడగలేదే," అంది.

"గడి లేదమ్మా," అన్నాను.

ఒత్తి ఉన్నది అని రాసి సంతకం చేసింది. సీసా మూత ఇంకా తీసే ఉంది. సుంకమ్మ చేతికిచ్చింది. సుంకమ్మ దూడను పిలిచి, అరచేతిలో పోస్తూ సీసా మొత్తం తాపించింది.

సరిగ్గా అయిదున్నర అయింది. నేను తలుపు తెరిచి రెండు థర్మామీటర్లూ చూశాను.

"ఎంతుంది సారూ?" అని దూడ మెడ పట్టుకునే అడిగింది సుంకమ్మ.

"నూరు," అన్నాను. ఆమె దూడను ఇంటికి తోలుకుపోయింది.